అచ్చొచ్చిన మలుపులు

స్టాక్ కార్ డ్రైవర్‌ను రెండు లెక్కలతో కొలుస్తారు. మొత్తం ఎన్ని రేసులు గెలిచాడన్నది మొదటిది. ఏ ట్రాక్ అతనికి లొంగిందన్నది రెండోది. అమెరికా దక్షిణాది ఊళ్లలో, హోటళ్లలో కాఫీ తాగుతూ పెద్దవాళ్లు గంటల తరబడి వాదించుకునేది ఈ రెండో లెక్క గురించే. మార్టిన్స్‌విల్‌లో రిచర్డ్ పెట్టీ 15 సార్లు గెలిచాడు. బ్రిస్టల్‌లో డారెల్ వాల్‌ట్రిప్ 12 సార్లు, డార్లింగ్టన్‌లో డేవిడ్ పియర్సన్ 10 సార్లు, టాలడేగాలో డేల్ ఎర్న్‌హార్ట్ 10 సార్లు. దశాబ్దాలు గడిచినా ఈ నాలుగు రికార్డులూ చెక్కుచెదరలేదు.

స్టాక్ కార్ అంటే షోరూములో అమ్మే మామూలు కారు. నాస్కార్ సంస్థ 1948లో పుట్టింది. 1949లో జరిగిన తొలి సీజన్‌లో నిజంగా అలాంటి కార్లతోనే పోటీపడ్డారు. ఇప్పటి కార్లకు ఆ పోలిక పైపైనే ఉంటుంది. లోపలంతా రేసు కోసమే కట్టిన ఒకటిన్నర టన్నుల యంత్రాలు. అందరివీ ఇంచుమించు ఒకే రకం బళ్లు, అందరూ తిరిగేది ఎడమవైపే. అలాంటప్పుడు ఒక మనిషికి ఒక ట్రాక్ మాత్రమే ఎందుకంతగా కలిసొస్తుంది?

దీనికి తెలుగులో ఒక మాట సిద్ధంగా ఉంది: అచ్చిరావడం. ఇల్లు, పొలం, దుకాణం గుమ్మం, అన్నీ కొందరికి అచ్చొస్తాయి, కొందరికి రావు. హైదరాబాదు బ్యాటర్లు అజహరుద్దీన్, లక్ష్మణ్ ఇద్దరూ కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఐదేసి టెస్టు సెంచరీలు చేశారు. ఆ మైదానం వాళ్లకు అచ్చొచ్చిందనే అంటారు. ఆ మాటలో సగం కష్టానికి చోటుంది, సగం అదృష్టానికి. వర్జీనియాలో మొదలై అలబామాలో ముగిసిన ఈ వసంతకాలపు ప్రయాణంలో, ఒక్కో ట్రాక్ దాటుతున్న కొద్దీ అదృష్టం వాటా తరుగుతూ వచ్చింది.

మార్టిన్స్‌విల్ వర్జీనియా దక్షిణపు అంచున ఉంది. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రమట్టి, డాగ్‌వుడ్ చెట్ల నిండా తెల్లటి పూలు, పొలాల మధ్య వాడకం లేక ఒరిగిపోతున్న పాత చెక్క బ్యారన్లు. ఒంగోలు వైపు నుంచి వచ్చినవారికి ఈ బ్యారన్లను ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు పండించే సిగరెట్టు పొగాకుకు వర్జీనియా అన్న పేరు వచ్చింది ఈ నేల నుంచే. ఆకు కాల్చే కొట్టాన్ని రెండు చోట్లా పిలిచేది ఒకే పేరుతో. స్టాక్ కార్లకూ ఈ ఆకుకూ చుట్టరికం ఉంది. 1971 నుంచి 2003 దాకా ఈ ఆటలోని పెద్ద పోటీ పేరు విన్‌స్టన్ కప్. పక్క రాష్ట్రంలోని ఒక సిగరెట్ కంపెనీ ఆకు మీద వచ్చిన డబ్బుతో ఆటను పోషించింది. ఊరి ట్రాకుల ఆటను దేశమంతా చూసే ఆటగా మార్చింది ఆ డబ్బే. ఆ కంపెనీ అమ్మిన సరుకు ఎన్ని ప్రాణాలు తీసిందో తలుచుకుంటే మాత్రం ఆ చరిత్రను మెచ్చుకోవడానికి మనసొప్పదు.

మార్టిన్స్‌విల్ ట్రాక్ నాస్కార్ కన్నా ఏడాది పెద్దది. క్లే ఎర్ల్స్ అనే స్థానికుడు 1947లో తెరిచాడు. 1949 తొలి సీజన్ నుంచి ఇప్పటిదాకా పెద్ద పోటీల్లో కొనసాగుతున్న ట్రాక్ ఇదొక్కటే. చుట్టుకొలత 0.526 మైలు, అంటే 850 మీటర్ల లోపు. కప్ పోటీల్లో ఇంతకన్నా చిన్న బాట లేదు. ఆకారం అచ్చంగా కాగితాలకు పెట్టే క్లిప్పు. పొడుగ్గా రెండు తిన్నని దారులు, చివర్లలో రెండు ఇరుకు మలుపులు. తిన్నని దారులు తారు, మలుపులు కాంక్రీటు. వెనక గట్టు మీద రైలు పట్టాలు. రేసు నడుస్తుండగా గూడ్సు బండి వెళ్తే ప్రేక్షకుల్లో చిన్నపిల్లలు కార్లను వదిలేసి అటు చెయ్యి ఊపుతారు.

రేసు రోజున టికెట్‌తో పాటు ఒక చిన్న రేడియో కూడా అద్దెకు దొరుకుతుంది. చెవులకు పెట్టుకుంటే డ్రైవర్, అతని క్రూ చీఫ్ మాట్లాడుకునేది వినిపిస్తుంది. అందులో ఎక్కువగా వినపడే మాటలు రెండే, టైట్, లూజ్. స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు మాట వినకపోతే టైట్. వెనక భాగం బయటికి జారిపోతుంటే లూజ్. కాసేపు వింటే ఈ ట్రాక్ మర్మం అర్థమవుతుంది. తిన్నని దారి 244 మీటర్లే. ఆ కాస్త దూరంలోనే కారు గంటకు 190 కిలోమీటర్ల దరిదాపుకు చేరుతుంది. వెంటనే బ్రేకు. మలుపు వాలు 12 డిగ్రీలే కాబట్టి నేల ఏమాత్రం పట్టి ఉంచదు, వేగమంతా బ్రేకులే మింగాలి. ల్యాపుకు రెండుసార్లు చొప్పున 500 ల్యాపుల రేసులో వెయ్యిసార్లు. పొద్దు వాలాక చూస్తే చక్రాల లోపల బ్రేకు డిస్కులు కొలిమిలో ఇనుములా ఎర్రగా మెరుస్తుంటాయి.

ఆత్రంగా ఉండే డ్రైవర్ మలుపు దాకా వేగంగా వచ్చి చివరి క్షణంలో బ్రేకు తొక్కుతాడు. ఒక ల్యాపుకు అది లాభమే. వంద ల్యాపులయ్యేసరికి బ్రేకులు చచ్చిపోతాయి, ముందు టైర్లు అరిగిపోతాయి. ఈ ట్రాక్‌ను వశం చేసుకున్నవారు కాస్త ముందే బ్రేకు తొక్కి వదులుతారు. మలుపు నడుమ కారును దాని మానాన దొర్లనిచ్చి, ముక్కు తిన్నగా అయ్యాకే యాక్సిలరేటర్ తొక్కుతారు. చూడ్డానికి నిదానంగా వెళ్తున్నట్టుంటుంది. చివరి 50 ల్యాపుల్లో వాళ్ల బండికే టైరు మిగిలి ఉంటుంది. రిచర్డ్ పెట్టీ ఇక్కడ 1960లో మొదటిసారి గెలిచాడు, 1979లో పదిహేనోసారి. ఆ మధ్యకాలంలో కార్లు మారాయి, టైర్లు మారాయి, మలుపుల్లో తారు పోయి కాంక్రీటు వచ్చింది. మారనిది బండిని అలసిపోనివ్వని ఆ ఓర్పు. ఆయన మొత్తం విజయాలు 200. ఆయన పుట్టిన లెవెల్ క్రాస్ ఈ ట్రాక్‌కు దక్షిణాన, రాష్ట్ర సరిహద్దు దాటితే దూరమేమీ కాదు. ఇది ఆయనకు పొరుగూరి బాట.

పెట్టీ తర్వాత వాల్‌ట్రిప్ 11 సార్లు, జెఫ్ గోర్డన్, జిమ్మీ జాన్సన్ 9 సార్ల చొప్పున ఇక్కడ గెలిచారు. చివరి ఇద్దరివీ హెండ్రిక్ బృందం కార్లు. ఆ బృందానికి తొలి విజయం దక్కింది ఇక్కడే, 1984లో జెఫ్ బోడైన్ చేతుల మీదుగా. అత్యంత పెద్ద దుఃఖం ఎదురైందీ ఇక్కడే. 2004 అక్టోబర్ 24న రేసుకు వస్తున్న బృందం విమానం దగ్గరి కొండను ఢీకొని పదిమంది చనిపోయారు. ఆ రోజు రేసు గెలిచిన జాన్సన్‌కు ఆ సంగతి రేసు ముగిశాకే తెలిసింది. విజయోత్సవం జరగలేదు. గోర్డన్ తన 93వ, చివరి విజయాన్ని 2015 నవంబర్ 1న ఇదే మలుపుల్లో అందుకున్నాడు. ఇన్ని జ్ఞాపకాలు పోగైన చోటును ట్రాక్ అనడం కన్నా ఊరు అనడమే సబబు.

గెలిచినవారికి ఇక్కడ కప్పు ఇవ్వరు. 1964 నుంచి నేల మీద నిలబెట్టే మనిషెత్తు గడియారం ఇస్తున్నారు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా ఫర్నిచర్, బట్టల మిల్లులే. మిల్లులు చాలావరకు మూతపడ్డాయి, గడియారం బహుమతి మాత్రం నిలిచింది. తినడానికి ప్రసిద్ధమైనది గులాబీ రంగు హాట్‌డాగ్. మెత్తటి బన్నులో సాసేజి, పైన మాంసం చిల్లీ, తరిగిన క్యాబేజీ, ఉల్లిపాయ, ఆవముద్ద. ఉల్లిపాయ, ఆవఘాటు కలిసి ముక్కుకెక్కే ఆ మొదటి ముద్దలో తెలుగు నాలుకకు కాస్త పరిచయం తగులుతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లు ఎవరైనా సరే, తెచ్చుకున్నది ముందు పక్కవాళ్లకు చూపి, తీసుకోమని, తర్వాతే తింటారు.

మార్టిన్స్‌విల్ నుంచి పడమరకు వెళ్లే 58వ నంబరు రోడ్డులో స్టువర్ట్ అనే చిన్న ఊరుంది. వుడ్ బ్రదర్స్ బృందం సొంతూరు. 1950లో గ్లెన్ వుడ్, అతని అన్నదమ్ములు మొదలుపెట్టిన ఈ బృందం టైర్లు మార్చి పెట్రోలు నింపే పనిని ఒక విద్యగా చేసింది. వాళ్ల వేగం చూసి 1965లో ఇండియానాపొలిస్ 500లో జిమ్ క్లార్క్ కారు పిట్ పని వాళ్లకే అప్పగించారు. స్టువర్ట్ దాటాక రోడ్డు బ్లూ రిడ్జ్ కొండల మీదికి మెలికలు తిరుగుతుంది. ఎదురొచ్చే ప్రతి పికప్ ట్రక్కు డ్రైవరూ స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు. రెండో ట్రక్కు నుంచే తిరిగి వేలెత్తడం అలవాటైపోతుంది. తూర్పు కనుమల్లో లంబసింగి వెళ్లే ఘాట్ రోడ్డులో మలుపు మలుపునా హారన్ కొట్టి ఉనికి తెలుపుకుంటారు. ఇక్కడ వేలితో తెలుపుకుంటారు.

బ్రిస్టల్ రెండు రాష్ట్రాల ఊరు. నడివీధిలో ఒక పక్క వర్జీనియా, ఇంకో పక్క టెనెసీ, మధ్యలో రోడ్డులో దిగ్గొట్టిన ఇత్తడి బిళ్లలు. 1927లో ఇక్కడ రికార్డు చేసిన పాటలతోనే అమెరికా కంట్రీ సంగీతం దేశానికి తెలిసింది. హోటల్లో చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె పెడుతూ వడ్డించే ఆవిడ వయసుతో నిమిత్తం లేకుండా అందరినీ హనీ అని పిలుస్తుంది. పల్లెటూరి పెద్దమ్మ దారినపోయేవాణ్ని నాయనా అన్నట్టే. రెండు ముద్దలు తిన్నాక మళ్లీ వచ్చి, సరిపోయిందా అని అడుగుతుంది. అడిగి వెళ్లిపోదు, జవాబు కోసం నిలబడుతుంది.

ఊరి బయట కొండల మధ్య ట్రాక్ ఉంది. 1961లో తెరిచారు. చుట్టుకొలత 0.533 మైలు. మార్టిన్స్‌విల్‌తో పోలిస్తే పది పన్నెండు మీటర్ల తేడాయే. అయినా రెండింటికీ పోలికే లేదు. ఇక్కడి మలుపులు గోడల్లా లేస్తాయి, అంచుల్లో 28 డిగ్రీల దాకా. ల్యాపు 15 సెకన్లలో ముగుస్తుంది. చుట్టూ లక్షమందికి పైగా పట్టే స్టాండ్లు గిన్నె అంచుల్లా లేచి ఉండటంతో శబ్దం పైకి పోయే దారి లేక లోపలే తిరుగుతుంది. ఖాళీగా ఉన్న రోజున వాలు మీద నడవబోతే చేతులు నేలకు ఆనించాల్సి వస్తుంది. తొలి రేసు రోజున కారు అడుగుభాగం వేడికి జాక్ స్మిత్ పాదాలు కాలిపోయాయి. మిగతా ల్యాపులు జానీ అలెన్ నడిపి ఆ కారును గెలిపించాడు.

వాల్‌ట్రిప్ ఇక్కడ 1981 నుంచి 1984 దాకా వరసగా ఏడు రేసులు గెలిచాడు. అప్పుడు ఆయన నడిపింది జూనియర్ జాన్సన్ బృందం కార్లు. ఆయన కన్నా ముందు అదే బృందం కార్లలో కేల్ యార్‌బరో ఇక్కడ తరచూ గెలుస్తూ వచ్చాడు. యార్‌బరో బ్రిస్టల్ విజయాలు 9. కాబట్టి ఒక ట్రాక్ మీద పట్టు డ్రైవర్ ఒక్కడిదే కాదు. ఏ స్ప్రింగు, ఏ గేరు, చలిలో ఎంత, ఎండలో ఎంత అని మెకానిక్కు నోట్‌బుక్కులో ఏళ్లుగా రాసుకున్నదాంట్లో సగం ఉంటుంది. మిగతా సగం డ్రైవర్‌దే అనడానికి రుజువు 1992 ఆగస్టులో దొరికింది. ఆ ఏడాది తారు మొత్తం తవ్వేసి కాంక్రీటు పోశారు. పాత నోట్‌బుక్కులన్నీ ఒక్కసారిగా చెల్లని కాగితాలయ్యాయి. కాంక్రీటు మీద జరిగిన మొట్టమొదటి రేసు గెలిచింది సొంత బృందం కారులో వచ్చిన 45 ఏళ్ల వాల్‌ట్రిప్. అది ఆయన పన్నెండోది. నేల పైపొర మారినా దాని కింద ఉన్న గిన్నె ఆకారం ఆయన ఒంటికి తెలుసు.

బ్రిస్టల్ నుంచి కొండలు దిగి నార్త్ కరొలైనాలో అడుగుపెడితే విల్క్స్ కౌంటీ వస్తుంది. జూనియర్ జాన్సన్ ఊరు ఇక్కడే. ఈ లోయల్లో ఒకప్పుడు నాటుసారా కాసేవారు. రాత్రిళ్లు లైట్లు ఆర్పుకుని పట్నానికి తోలే కుర్రాళ్లకు పోలీసులకు చిక్కకుండా బండి నడపడమే బడి. జూనియర్ 1956లో తండ్రి సారాబట్టీ దగ్గర పట్టుబడి జైలుకెళ్లాడు, 1986లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష ఇచ్చాడు. చీకట్లో ప్రతి మలుపూ గుర్తుపెట్టుకుని నడిపినవాళ్లు మొదలుపెట్టిన ఆటలో, ఒక్కో బాటను కంఠతా పట్టినవాళ్లు పుట్టడం సహజమే.

ఇక్కడి నార్త్ విల్క్స్‌బరో ట్రాక్ 0.625 మైలు. నేల చదును చేయడానికి డబ్బు చాలక కొండవాలును ఉన్నదున్నట్టు వదిలేశారు. అందుకే ముందు దారి పల్లం, వెనక దారి ఎగువ. ప్రతి ల్యాపులోనూ కొండ దిగి మళ్లీ ఎక్కాలి. ఇలాంటిది ఇంకెక్కడా లేదు. పెట్టీ దీన్నీ 15 సార్లు గెలిచాడు. 1996లో కప్ పోటీలు ఆగిపోయి కంచెల మీద తీగలల్లుకున్నాయి. 2023లో ఆల్‌స్టార్ రేసుతో మళ్లీ జనం వచ్చినప్పుడు, 1981లో వేసిన అదే తారు మీద కార్లు పరుగెత్తాయి. పాత బాటను కూలగొట్టకుండా నిలబెట్టుకున్న ఆ ఊరివాళ్లను చూస్తే గౌరవం కలుగుతుంది.

షార్లెట్ దగ్గరికొచ్చేసరికి ఎత్తైన బ్యాంకు భవనాలు, వెడల్పాటి రోడ్లు. ఆ బ్యాంకుల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది. కొట్లలో గోంగూర పచ్చడి సీసాలు సులువుగా దొరుకుతాయి. దాదాపు అన్ని కప్ బృందాల షెడ్లూ ఈ నగరం చుట్టుపక్కలే ఉన్నాయి. ఉత్తరాన కనాపొలిస్ అనే పాత మిల్లు ఊళ్లో డేల్ ఎర్న్‌హార్ట్ నిలువెత్తు విగ్రహం ఉంది. చేతులు కట్టుకుని, నవ్వు ముఖంతో. మధ్యాహ్నం ఎండలో అక్కడ ఆగిన ఒక పెద్దాయన టోపీ తీసి, రెండు నిమిషాలు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

షార్లెట్ ట్రాక్ ఒకటిన్నర మైలు, 24 డిగ్రీల వాలు. పియర్సన్ ఇక్కడ 1973 నుంచి 1978 మధ్య వరసగా 11 సార్లు పోల్ సాధించాడు, అంటే అందరికన్నా వేగవంతమైన ల్యాపుతో మొదటి వరసలో నిలబడ్డాడు. గెలుపుల రికార్డు మాత్రం జిమ్మీ జాన్సన్‌ది, 8. ఆ ఎనిమిదింటినీ ఏళ్లవారీగా పరిస్తే ఒక సంగతి బయటపడుతుంది. 2003 నుంచి 2005 దాకా మూడేళ్లలో ఐదు గెలిచాడు. 2006లో ట్రాక్‌కు కొత్త తారు వేశారు. తర్వాత పదేళ్లలో మూడే. మనిషి అదే, బృందం అదే. పాత తారులోని గతుకులు, నున్నబడిన జాడలు, ఎక్కడ పట్టు దొరుకుతుందో చెప్పే మచ్చలు పోయాయి. బ్రిస్టల్‌లో వాల్‌ట్రిప్ విషయంలో తేలినదానికి ఇది ఎదురు సాక్ష్యం. రెండూ నిజమే. ఆకారం బలంగా ఉన్నచోట పైపొర మారినా జ్ఞాపకం పనికొస్తుంది, ఆకారం మామూలుదైతే పైపొరే సర్వం.

షార్లెట్ నమూనాను చూసి 1990ల నుంచి దేశమంతా ఒకటిన్నర మైలు ట్రాకులు లేచాయి. టెక్సస్, కాన్సస్, షికాగో శివార్లు, కెంటకీ. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయని అభిమానుల ఫిర్యాదు. టెక్సస్‌లో జాన్సన్ ఏడుసార్లు గెలిచాడు కాబట్టి అక్కడ పట్టు దొరకదని చెప్పలేం. అయినా ఒక డ్రైవర్ పేరు చెబితే ఒక ట్రాక్ గుర్తుకురావడం ఎక్కువగా వంకర ఉన్న చోట్లే. పెన్సిల్వేనియాలోని పొకోనో త్రికోణం, మూడు మలుపులూ మూడు రకాలు. అక్కడ డెనీ హామ్లిన్ 7 విజయాలతో ముందున్నాడు. ఫీనిక్స్‌లో ఒక తిన్నని దారి మధ్యలో విరుగుతుంది. అక్కడ కెవిన్ హార్విక్ 9. ఒకే అచ్చు ట్రాకుల్లో ఒకచోట నేర్చింది అన్నిచోట్లా పనికొస్తుంది, అందుకే ఎవరికీ ప్రత్యేకమైన హక్కు పుట్టదు. సౌకర్యం కోసం ఆట తన సొగసులో కొంత పోగొట్టుకుంది.

డార్లింగ్టన్‌కు వెళ్లే దారిలో సౌత్ కరొలైనా చదునుగా, ఇసుక నేలలతో, పైన్ చెట్లతో మొదలవుతుంది. రోడ్డు పక్క గుడారాల ముందు అట్ట ముక్క మీద చేత్తో రాసిన బోర్డులు, లోపల పొయ్యి మీద పెద్ద బానలు. ఉడకబెట్టిన వేరుశనగకాయలు. ఉప్పునీళ్లలో గంటల తరబడి ఉడికి, తొక్క మెత్తబడి, గింజ ముద్దయ్యేలా ఉంటాయి. రాయలసీమ చలికాలం సాయంత్రాల రుచి ఇది. అమెరికాలో మిగతాచోట్ల వేయించిన పల్లీలే తప్ప ఇవి అంతగా తెలియవు. కాగితం సంచి నిండా పోసి, పైన ఇంకో గుప్పెడు కొసరు వేసే అలవాటు కూడా ఇంటిదే.

డార్లింగ్టన్ ట్రాక్ కూడా పల్లీల, పత్తి పొలాల మీదే వెలిసింది. హెరాల్డ్ బ్రేజింగ్టన్ అనే స్థానికుడు 1950లో దీన్ని కట్టాడు. భూమి అమ్మినాయన ఒక షరతు పెట్టాడు, పడమర పక్కనున్న తన చేపల కుంట జోలికి రాకూడదని. కుంటను తప్పించడానికి ఒక కొసను ఇరుకు చేయాల్సి వచ్చింది. అలా ఇప్పుడు 1.366 మైళ్లున్న ఈ ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో తయారైంది. ఒక చివర వెడల్పు, వాలు 25 డిగ్రీలు. ఇంకో చివర ఇరుకు, వాలు 23. ఒక చివరకు సరిపడేలా కారును అమర్చితే రెండో చివర ఏడిపిస్తుంది. రెండింటికీ మధ్యస్థంగా అమర్చుకుని, మిగతా లోటు చేతులతో పూడ్చుకోవాలి. వేగంగా వెళ్లే దారి బయటి గోడకు ఆనుకుని ఉంటుంది. ఎంత దగ్గరంటే కారు కుడి పక్క రంగు గోడకు రాసుకుపోతుంది. దానికి డార్లింగ్టన్ చార అని పేరు. కుంట ఇప్పటికీ ఉంది. రేసు లేని రోజున దాని ఒడ్డున గడ్డిలో నిలబడితే కప్పల అరుపు తప్ప ఏమీ వినిపించదు. ఒక మనిషి తన చేపల మీద పెట్టుకున్న మమకారం దేశంలోకెల్లా కష్టమైన ట్రాక్‌ను పుట్టించింది.

1950 సెప్టెంబర్‌లో జరిగిన తొలి సదరన్ 500లో 75 కార్లు బయల్దేరాయి. వేగంగా వెళ్లినవాళ్ల టైర్లు వరసగా పేలాయి. గట్టి ట్రక్కు టైర్లు వేసుకుని నిదానంగా తిరిగిన జానీ మాంట్జ్ ఆరు గంటల పైచిలుకు తర్వాత గెలిచాడు. ఈ ట్రాక్ చెప్పే పాఠం మొదటి రోజే తేలిపోయింది. పోటీ పక్క కారుతో కాదు, బాటతో.

ఆ పాఠం డేవిడ్ పియర్సన్‌కు వంటబట్టినట్టు ఇంకెవరికీ పట్టలేదు. స్పార్టన్‌బర్గ్ మిల్లు కార్మికుల బిడ్డ, మొత్తం 105 విజయాలు. రేసు మొదట్లో ఎక్కడో వెనక ఉండేవాడు. చివరి వంద మైళ్లలో ముందుకొచ్చేవాడు. వెండిజుట్టు నక్క అని పేరుపడ్డాడు. కారులో లైటర్ పెట్టించుకుని రేసు మధ్యలో సిగరెట్ వెలిగించేవాడన్నది అందరూ చెప్పే సంగతి. డార్లింగ్టన్‌తో ఆయనకున్న బంధం 1979లో అన్ని రంగులూ చూపింది. ఆ ఏప్రిల్‌లో వుడ్ బ్రదర్స్ కారుతో పిట్‌లోకి వచ్చాడు. బృందం నాలుగు టైర్లు మారుస్తోంది, ఆయన రెండే అనుకున్నాడు. ఎడమ చక్రాల నట్లు బిగించకముందే బండి కదిలించాడు. పిట్ దారి చివర్లో చక్రాలు ఊడిపోయాయి. దాదాపు ఏడేళ్లు సాగిన ఆ జంట అంతటితో విడిపోయింది.

సెప్టెంబర్‌లో సదరన్ 500 వచ్చేసరికి పియర్సన్ చేతిలో సొంత కారు లేదు. ఆ ఏడాదే కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు గాయపడి కోలుకుంటుంటే, అతని బదులు ఆ కారు నడపడానికి పిలిచారు. ఏప్రిల్‌లో పరువు పోయిన చోటికే, వేరొకరి కారుతో వచ్చి పియర్సన్ గెలిచాడు. గాయపడిన కుర్రాడు డేల్ ఎర్న్‌హార్ట్. మరుసటి వసంతంలో పియర్సన్ మూడో బృందం కారుతో మళ్లీ ఇక్కడే గెలిచాడు. అది డార్లింగ్టన్‌లో పదోది, జీవితంలో 105వది, చివరిది. బృందాలు మారినా గెలుపు మారలేదంటే, ఈ ట్రాక్ ఆయనకు అచ్చిరాలేదు, ఆయన దీన్ని చదివేశాడు. నాలుగు రికార్డుల్లోనూ గొప్పది ఏదంటే పియర్సన్‌దే అని ఈ కుంట ఒడ్డున నిలబడినవారు ఒప్పుకుంటారు. ఎర్న్‌హార్ట్ తర్వాతి ఏళ్లలో ఇక్కడ 9 సార్లు గెలిచి, ఒక్క అడుగు దూరంలో ఆగిపోయాడు.

డార్లింగ్టన్ పక్కనే ఫ్లోరెన్స్‌లో మొదలయ్యే 20వ నంబరు రహదారి జార్జియాలోకి వెళ్లి, అట్లాంటా మీదుగా నేరుగా టాలడేగా పక్కనుంచి వెళ్తుంది. అలబామాలో కుడ్జు తీగ చెట్లనూ స్తంభాలనూ పాడుబడిన ఇళ్లనూ ఒకే పచ్చటి దుప్పటి కింద కప్పేసి ఉంటుంది. ఇక్కడి హోటళ్లలో పచ్చి టమాటాలను చక్రాల్లా కోసి, మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తారు. పచ్చి టమాటా పుల్లదనం తెలిసిన తెలుగువాళ్లకు వెంటనే నచ్చుతుంది, నంజుకోను కారం లేదన్న లోటే.

టాలడేగా పాత సైనిక విమానాశ్రయం నేల మీద 1969లో కట్టిన ట్రాక్. 2.66 మైళ్లు, మలుపుల్లో 33 డిగ్రీలు. ఒక చివర నిలబడితే ఇంకో చివర ఎండమావిలో కలిసిపోతుంది. 1987లో బిల్ ఎలియట్ ఇక్కడ గంటకు 212.809 మైళ్లతో, అంటే 342 కిలోమీటర్లకు పైగా వేగంతో ల్యాపు తిరిగాడు. అదే వారం రేసులో బాబీ ఆలిసన్ కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల కంచెను చీల్చింది. 1988 నుంచి ఇంజనులోకి వెళ్లే గాలిని తగ్గించే చిల్లుల పలక బిగించారు. దాంతో అందరి వేగమూ ఇంచుమించు సమానమైపోయింది. ఇక్కడ బ్రేకు వాడరు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయరు. ముందు కారు గాలిని చీలిస్తే వెనక కారుకు అడ్డం తగ్గుతుంది. రెండు కార్లు అంటుకుని వెళ్తే ఒంటరి కారు కన్నా వేగంగా పోతాయి. ముప్పై నలభై కార్లు ముద్దగా కదులుతుంటే, ఏ వరసలో గాలి కలిసొస్తుందో క్షణం ముందు పసిగట్టినవాడే ముందుకొస్తాడు.

మిగతా మూడు ట్రాకుల్లో నేలను చదవాలి. ఇక్కడ చదవాల్సింది కంటికి కనపడనిది. ఎర్న్‌హార్ట్‌కు గాలి కనిపిస్తుందని తోటి డ్రైవర్లే అనేవారు. ముఖం పూర్తిగా మూసే హెల్మెట్ ఆయన వాడలేదు. తెరిచిన హెల్మెట్‌తో, కళ్లద్దాలతో నడిపేవాడు. పలక రాకముందు 1983, 1984లో రెండుసార్లు, వచ్చాక ఎనిమిదిసార్లు ఇక్కడ గెలిచాడు. ఇంత పట్టున్నవాడికి ఇలాంటిదే అయిన డేటోనాలో పెద్ద రేసు గెలవడానికి 20 ప్రయత్నాలు పట్టింది, 1998 దాకా. అచ్చిరావడమన్న మాటకు చోటేదైనా మిగిలి ఉంటే అది ఇక్కడే.

2000 అక్టోబర్ 15న టాలడేగాలో రేసు ఇంకా ఐదారు ల్యాపులుందనగా ఎర్న్‌హార్ట్ 18వ స్థానంలో ఉన్నాడు. వెనక నుంచి కెనీ వాలెస్ తోడుగా నెడుతుంటే, గుంపు మధ్యలోంచి దారి చేసుకుంటూ చివరి ల్యాపు మొదలయ్యేసరికి ముందుకు చేరి గెలిచాడు. అది అక్కడ పదోది, మొత్తం మీద 76వది. మరి గెలవలేదు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో, రేసు చివరి ల్యాపులో, గోడను ఢీకొని చనిపోయాడు. ఆ అక్టోబర్‌లో టాలడేగా రేసును ఆయన కొడుకు డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ గెలిచాడు. అక్కడ జరిగిన తర్వాతి మూడు రేసులూ అతనే గెలిచాడు.